ఓపెనింగు కాని కక్కసు

నాకు మొదటి ఉద్యోగం వాకాడుకు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో వచ్చింది. పంచాయతీ సమితులు కొత్తగా ఏర్పడిన రోజులవి. మా అమ్మ నెల్లూరులో ఆసుపత్రి నర్సు. మా ఇంట్లో ఒక పూట ప్రార్థన మానేసినా మన్నించేవాళ్లు గానీ, చేతులు కడగకుండా కంచం ముట్టుకుంటే మాత్రం మన్నించేవాళ్లు కాదు. నన్ను బస్సెక్కిస్తూ అమ్మ నా చేతిలో బైబిలూ, నాలుగు సబ్బుబిళ్లలూ పెట్టింది.

"నీళ్లు కాచుకొని తాగు. ఆడ పిల్లకాయలకు గోళ్లు తీసుకోవడం, చేతులు కడుక్కోవడం నువ్వే నేర్పించాల," అంది.

తీరా నేను వెళ్లేటప్పటికి నేర్పించడానికి ఏమీ మిగిలి లేదు. మా హెడ్మాస్టరు గారు అంతా నేర్పించేసి ఉన్నారు.

ఆయనది కొడవలూరు వైపు వరి పండించే కుటుంబం. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఆయన పంచె మీద మరక నేనెప్పుడూ చూడలేదు. పొద్దున గంట కొట్టకముందే బడి ఆవరణంతా ఊడ్పించేవారు. అది ఇసుక నేల. ఊడ్చాక చీపురు గీతలు వరసగా పడాలి. గీత వంకరపోతే మళ్లీ ఊడవాలి. గీతలు పడ్డాక వాటి మీద ఎవరూ నడవకూడదు. మరి పిల్లలు లోపలికి ఎలా రావాలని నేను మొదటి రోజే అడిగాను.

"గోడవార రావాలమ్మా," అన్నారాయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ప్రార్థన అయ్యాక గోళ్లు, చెవుల వెనక మట్టి, తలలో పేలు చూసేవారు. ఇక ఆదివారాలు ఊళ్లో ఆడవాళ్లు బడి వరండా మీద చేపలు ఎండబెట్టుకునేవాళ్లు. ఊరంతటికీ సిమెంటు నేల అంటే అదొక్కటే మరి. సోమవారం పొద్దున ఆయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొని నిలబడి, బక్కెట్లకు బక్కెట్లు నీళ్లు పోయించి కడిగించేవారు. ఎంత కడిగినా వరండాలోనే కూర్చునే మూడో తరగతి పిల్లల పలకలు మూడు రోజుల పాటు నెత్తళ్ల వాసన కొట్టేవి.

ఇంతటి శుభ్రతలోనూ ఆయనకు ప్రాణం లాంటిది బడి వెనక, సరుగుడు తోపు పక్కన ఉండేది. అది సమితి వాళ్లు ఆడపిల్లల కోసం కట్టించిన కక్కసు. మరుగుదొడ్డిని మా వైపు అలాగే అంటారు. చిన్న గది, సున్నం కొట్టిన గోడలు, ఆకుపచ్చ రంగు తలుపు. గుంట మీద సిమెంటు పలక, దాని మీద పాదాలకు రెండు దిమ్మలు. తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. తలుపుకు తాళం. ఆ తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకు.

చేరిన రోజునే నేను తాళంచెవి అడిగాను.

"అది ఇంకా ఓపెనింగు కాలేదమ్మా," అన్నారు.

"ఎప్పుడవుతుంది సార్?"

"సమితి ప్రెసిడెంటు గారు రావాల. ఆయన చేతుల మీదుగా తెరవాలని ఆఫీసు నుంచి చెప్పినారు. మనం ముందే తెరిస్తే ఆయన మర్యాద ఏం గావాల?"

"అందాకా ఆడపిల్లలేం చేస్తారు సార్?"

"ఇన్నాళ్లూ ఏం చేసినారో అదే చేస్తారు," అని ఆయన గీతల మీద పడిన ఒక సరుగుడు పుల్లను తీసి అవతల పారేశారు.

ప్రెసిడెంటు గారు రావడానికి చేయని ప్రయత్నం లేదు, పాపం. ఒకసారి బయల్దేరారు, జీపు ఇసుకలో దిగబడి వెనక్కి పోయింది. ఇంకోసారి వానలకు కాలువ పొంగి పడవ నడవలేదు. మరోసారి ఎవరిదో పెళ్లి అడ్డం వచ్చింది. ప్రతిసారీ హెడ్మాస్టరు గారు గోడలకు మళ్లీ సున్నం కొట్టించేవారు, కొత్త రిబ్బను కట్టించేవారు. ఒక రిబ్బను ఎండకు వెలిసిపోయింది. ఒకదాన్ని మేక తినేసింది. ప్రతిసారీ పిల్లలకు రిహార్సలు కూడా ఉండేది. ఆయన చూపుడు వేలూ, మధ్య వేలూ కత్తెరలాగా ఆడించి గాలిలో రిబ్బను కత్తిరించగానే మగపిల్లలు చప్పట్లు కొట్టాలి, ఆడపిల్లలు స్వాగత గీతం అందుకోవాలి. ఆ పాట ఊళ్లో పసిపిల్లలకు కూడా వచ్చేసింది. తల్లులు ఉయ్యాల ఊపుతూ పాడుకునేవాళ్లు.

ఊరికి ఎవరైనా పెద్దమనిషి వస్తే హెడ్మాస్టరు గారు రిబ్బను కింది నుంచి వంగి దూరి, తాళం తీసి, చెప్పులు బయట విడిచి, కక్కసు చూపించేవారు. "మద్రాసులో గూడా ఇంత శుభ్రంగా ఉండదు," అనేవారు. నిజమే. ఉండదు.

ఆడపిల్లలు మాత్రం సరుగుడు తోపులోకి పోవాల్సిందే. వాళ్లు అటు కదలగానే మగపిల్లల్లో ఎవడో ఒకడు గోడ పక్కన నిలబడి "పాము! పాము!" అని అరిచేవాడు. పిల్లలు పరికిణీలు పట్టుకొని పరిగెత్తి వచ్చేవాళ్లు. దాంతో మధ్యాహ్నం అన్నానికని కాలువ దాటి ఇంటికి పోయిన పిల్లలు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. ఆరూ ఏడూ తరగతుల్లో మధ్యాహ్నం పూట ఆడపిల్లల వరసంతా ఖాళీ. అటెండెన్సు ఎందుకు పడిపోతోందని హెడ్మాస్టరు గారు తల పట్టుకునేవారు. కారణం చెప్తే "ఛ, దానికీ దీనికీ సంబంధమేందమ్మా?" అనేవారు.

నా సంగతీ అంతే. పొద్దున లేచి గుక్కెడు కాఫీ తాగితే, సాయంత్రం గదికి చేరేదాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. మధ్యాహ్నానికి తలనొప్పి. నీళ్లు కాచుకొని తాగమని మా అమ్మ చెప్పింది గానీ, తాగాక ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

నాతో పాటు ఒకే గదిలో కుట్టు టీచరమ్మ ఉండేది. ఏభై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను అమ్మణ్ణీ అనేది. ముక్కుపొడుం తప్ప వేరే చెడ్డ అలవాటు లేదని ఆమె చెప్పుకునేది. ఆమె బుర్ర సంగతి నాకు తరవాత తెలిసింది.

మార్చి నెల వచ్చింది. నెల్లూరు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ గారు తనిఖీకి వస్తున్నారని కబురందింది. ఆ సాయంత్రం అక్క గడప దగ్గర కూర్చుని రొయ్యలు ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మణ్ణీ, ఆయమ్మ ఆడమనిషే గదా?"

"ఎవరక్కా?"

"ఇన్‌స్పెక్ట్రెసమ్మ."

"ఆడమనిషి కాకపోతే ఆ పేరెందుకు పెడతారు?"

"పొద్దున్నే నెల్లూరులో బయల్దేరాల. గూడూరులో బస్సు మారాల. వాకాడు నుంచి బండి. నెత్తిన ఎండ. దాహమేస్తాది గదా?"

"వేస్తుంది."

"దాహానికి మనం ఏదన్నా ఇయ్యాల గదా. మర్యాద," అంది అక్క, రొయ్య తల తీసి పక్కన పెడుతూ.

నేను వంకాయలు కోస్తున్నదాన్ని చెయ్యి ఆపి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఇంకో రొయ్య తీసుకుంది.

"అక్కా, పాపం కదా?" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

"మందా మాకా? ఒట్టి మర్యాదే గదే. మజ్జిగ ఇస్తాం. మన ఇసక తోటల్లో పుచ్చకాయలు పండి ఉండాయి, రెండు కోస్తాం. ఆయన ఎట్టాగూ టెంకాయలు కొట్టిస్తాడు. కాఫీ గూడా ఇస్తాం. వద్దంటే బలవంతం చేస్తామా ఏంది?"

బలవంతం చేశాం. అది వేరే విషయం.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు పొట్టిగా, కళ్లద్దాలతో, నల్ల గొడుగుతో బండి దిగారు. ముఖం ఎండకు కందిపోయి ఉంది. హెడ్మాస్టరు గారు దండ వేశారు. ఆ దండ ఇంకా మెడలో ఉండగానే అక్క పెద్ద కంచు గ్లాసుతో మజ్జిగ అందించింది. ఉప్పు వేసి, అల్లం దంచి వేసి, కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ. ఆవిడ గడగడా తాగేశారు. "ఇంకొంచెం తీసుకోండమ్మా, ఎండన పడొచ్చినారు," అని అక్క రెండో గ్లాసు పోసింది. అదీ తాగారు.

ఒకటో తరగతి చూసేలోపల హెడ్మాస్టరు గారే లేత టెంకాయలు రెండు కొట్టించి తెప్పించారు. మా పథకం సంగతి ఆయనకు తెలియదు. తెలియకుండానే మాకంటే ఎక్కువ సాయం చేశారు. మూడో తరగతి దాటేటప్పటికి నేను పుచ్చకాయ ముక్కలు పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. ఆవిడ వద్దన్నారు. "మా ఊరి పంటండీ, మీరు తినకపోతే పిల్లలు చిన్నబోతారు," అన్నాను. పిల్లలు నిజంగానే చిన్నబోయిన ముఖాలు పెట్టారు, ఆ ముక్కలు తమకు దక్కలేదని. ఆవిడ తిన్నారు. కాఫీ వచ్చింది. తాగారు.

ఐదో తరగతిలో ఆవిడ కుర్చీలో కూర్చుని, కాసేపటికి కాలు మీద కాలు వేసుకున్నారు. వెంటనే ఆ కాలు దించి ఈ కాలు వేసుకున్నారు. అక్క తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"భూగోళం అడుగుదాం. ఏమ్మా, నువ్వు లే. మన రాష్ట్రంలో పారే నదులు చెప్పు," అన్నారు ముందు వరసలో పిల్లతో.

ఆ పిల్ల బడిలోకెల్లా చురుకైంది. చేతులు కట్టుకుని అందుకుంది. "గోదావరి, కృష్ణా, పెన్నా, తుంగభద్ర, స్వర్ణముఖి..." అక్కడితో ఆగలేదు. ఏ నది ఎక్కడ పుడుతుందో, ఎక్కడెక్కడ పారుతుందో, ఎక్కడ ఆనకట్ట కట్టారో, నీళ్లు ఎలా నిలబెట్టారో, ఎలా వదిలారో, చివరికి ఏ సముద్రంలో కలుస్తుందో రాగం తీస్తూ చెప్పుకుపోయింది.

"చాలమ్మా, చాలు," అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్ గారు.

"జలపాతాలు గూడా వచ్చు మేడం," అంది ఆ పిల్ల.

"వద్దు! కూచో!"

ఆ పిల్లకు మేమేమీ నేర్పలేదని ప్రమాణం చేసి చెప్తాను. ఎవరూ నమ్మరు.

ఆవిడ లేచి నన్ను వరండా చివరకు పిలిచారు. గొంతు తగ్గించి, "ఇక్కడ... ఆడవాళ్లకు ఏర్పాటేమన్నా ఉందా?" అని అడిగారు.

"ఉందండీ. చాలా బాగుంది. తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గరుంది," అన్నాను.

ఆవిడ పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ చీపురు గీతల మీదుగా నడిచి వెళ్లారు. అది చూసి మొదటిసారి అదిరిపడ్డ హెడ్మాస్టరు గారు, ఆవిడ అడిగింది విని రెండోసారి అదిరిపడ్డారు.

"అమ్మా, అది... ఇంకా ఓపెనింగు కాలేదండీ."

"ఏం కాలేదు?"

"ప్రెసిడెంటు గారి చేతుల మీదుగా..."

"ప్రెసిడెంటు గారు ఎక్కడున్నారు?"

"నెల్లూరులో అండీ."

"నేను ఇక్కడున్నాను," అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్ గారు. "తాళంచెవి ఇవ్వండి."

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి పడ్డ అవస్థ చూస్తే జాలేసింది. లాగేకొద్దీ ముడి బిగుసుకుంటోంది. ఆవిడ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. చివరకు ముడి వచ్చింది. ఆవిడ ముందు, ఆయన వెనక, మేమిద్దరం ఆయన వెనక. తలుపుకు రిబ్బను అడ్డం. వంగి దూరే స్థితిలో ఆవిడ లేరు. కుట్టు పరీక్ష కోసం తెచ్చిన కత్తెర అక్క చేతిలో ఉండనే ఉంది. ఆవిడ దాన్ని లాక్కుని టక్కున రిబ్బను కత్తిరించారు.

ఆ కత్తిరించడం తరగతి గదుల కిటికీల్లోంచి పిల్లలందరూ చూశారు. ఎన్నాళ్ల రిహార్సలో అది! మగపిల్లలు చప్పట్లు మోగించారు. ఆడపిల్లలు లేచి నిలబడి స్వాగత గీతం ఎత్తుకున్నారు.

"ఆపండే! ఆపండిరా!" అని హెడ్మాస్టరు గారు రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తారు. ఆయన ఊపుతున్నది పాటకు తాళం వెయ్యడానికనుకుని వాళ్లు ఇంకా గట్టిగా పాడారు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు లోపలికి పోయి గడియ వేసుకున్నారు. పాట మూడు చరణాలూ పూర్తిగా సాగింది.

ఆ తర్వాత లోపల్నుంచి "నీళ్లు!" అని కేక వినిపించింది.

మాకు తట్టని సంగతి అదొక్కటే. ఓపెనింగు కాని కక్కసులో నీళ్లు ఎందుకుంటాయి? ఏడో తరగతి ఆడపిల్లలూ నేనూ బావి దగ్గరికి పరుగు. బిందె తెచ్చి తలుపు సందులోంచి అందించాం. ఇన్‌స్పెక్ట్రెస్ గారు బయటికి వచ్చేటప్పటికి ముఖం ప్రశాంతంగా ఉంది. మా అమ్మ ఇచ్చిన సబ్బు తెచ్చి ఆవిడ చేతుల మీద నీళ్లు పోశాను.

"చాలా శుభ్రంగా ఉంది," అన్నారావిడ తుడుచుకుంటూ. "రోజుకు ఎంతమంది వాడుతున్నారు?"

హెడ్మాస్టరు గారు నిటారుగా నిలబడ్డారు. "ఇంతవరకు ఒక్కరు గూడా వాడలేదమ్మా!"

ఆవిడ తువ్వాలు నా చేతికిచ్చి ఆయన వైపు తిరిగారు. తిడతారేమోనని నాకు భయం వేసింది. తిట్టలేదు. "మీ రిజిస్టరులో మధ్యాహ్నం పూట ఆడపిల్లలు ఎందుకు లేరో నాకిప్పుడు అర్థమైంది. రేపటి నుంచి కాదు, ఈ పూట నుంచే వాడాలి. తాళంచెవి టీచరమ్మల దగ్గర ఉంటుంది. మళ్లీ వచ్చినప్పుడు కూడా ఇంత శుభ్రంగానే ఉండాలి," అన్నారు.

బండి ఎక్కుతూ గొడుగు ముడిచి, మా ఇద్దరినీ దగ్గరకు పిలిచారు. "మీ మర్యాదకు సంతోషం. మళ్లీ వచ్చినప్పుడు పుచ్చకాయ కాస్త తక్కువ పెట్టండి," అని నవ్వకుండా చెప్పి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మేమిద్దరం చాపల మీద పడి నవ్వాం. ఆడపిల్లల్లో చిన్నవాళ్లు మొదటి రెండు రోజులూ అవసరమున్నా లేకపోయినా వరస కట్టారు. ఒకత్తె లోపల కప్ప ఉందని ఏడ్చుకుంటూ వచ్చింది. కప్ప నిజంగానే ఉంది, బయటికి పోదామంటే దానికీ దారి దొరకలేదు. మూడో నాటికి కక్కసు చూడటానికి బాగా లేదు. హెడ్మాస్టరు గారు అంత దూరం నుంచి చూసి, ఎవరో ఆప్తులు పోయినట్టు తరగతిలోకి వచ్చి కూర్చున్నారు.

"చూసినావా అమ్మా? నేను చెప్పలా?" అన్నారు నాతో.

"కడిగితే సరిపోతుంది సార్."

"ఎవరు కడగాల? దానికి మనిషిని గూడూరు నుంచి తెప్పించాల. ఎవరొస్తారు ఇంత దూరం?"

నేను నర్సు కూతుర్ని. చీపురూ ఫినాయిలూ తీసుకుని నేనే వెళ్లాను. అక్క నీళ్లు పోసింది. మరుసటి రోజు నుంచి పెద్ద తరగతుల ఆడపిల్లలు మాతో చెయ్యి కలిపారు. రెండు రోజులు బాగానే జరిగింది. ఆ తర్వాత ఒక పిల్ల తండ్రి, పడవలు నడిపే మనిషి, బడి వాకిట్లోకి వచ్చి కేకలు మొదలుపెట్టాడు.

"నా బిడ్డను చదువుకోను పంపించినానా, కక్కసులు కడగను పంపించినానా? ఏందయ్యోరూ ఈ అన్యాయం?"

హెడ్మాస్టరు గారి మనసులో మాట కూడా అదే. నాకు కోపం వచ్చింది గానీ, నా కంటే ముందు అక్క ముక్కుపొడుం ఎగబీల్చి, ఆ తండ్రితో మెల్లగా అంది.

"అవునన్నా, తప్పే. నీ బిడ్డను మళ్లీ సరుగుడు తోపులోకే పంపిస్తాంలే. ఆడ కడిగే పని లేదు. పాములు ఉంటాయి, అంతే గదా."

అప్పుడు జరిగింది మాత్రం నేను ఊహించలేదు. హెడ్మాస్టరు గారు కండువా తీసి కిటికీ కమ్మీకి తగిలించారు. పంచె పైకి ఎగ్గట్టారు. నా చేతిలో చీపురు అడిగి తీసుకున్నారు.

"నా బడి ఇది. మా ఇంట్లో వాకిలి నేను ఊడిస్తే తప్పా? ఇదీ అంతే. నేను కడుగుతుండా. నువ్వు చూడు," అని అతనితో చెప్పి కక్కసు వైపు నడిచారు.

గోడలు, పలక, దిమ్మల సందులు ఆయన కడిగినట్టు మేమెవరం కడగలేదు. ఆ తండ్రి అక్కడే నిలబడి చూశాడు. చివరకు, "ఇటీండి అయ్యోరూ, నీళ్లన్నా తెస్తా," అని బిందె అందుకున్నాడు. కక్కసు కడిగినందుకు హెడ్మాస్టరు గారి బంధువుల్లో ఎవరో నెల్లాళ్ల పాటు ఆయన ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదని తర్వాత తెలిసింది. "మంచిదే, బిందె తొందరగా ఖాళీ కాదు," అన్నారాయన.

అప్పటి నుంచి మా కష్టాలు వేరే రకంగా మొదలయ్యాయి. ఆయనకు ఇప్పుడు ఊడ్చిన గీతలకంటే కక్కసు ఎక్కువైంది. నీళ్లు సరిగా పోశారా లేదా అని ప్రతి పిల్లనూ నిలబెట్టి అడిగేవారు. చేతులు సబ్బుతో కడిగారా అని వాసన చూసేవారు. సబ్బు అయిపోతే కుంకుడుకాయలు నానబెట్టి కుండలో పెట్టించారు. పాము అని అరిచే మగపిల్లలకు బావి నుంచి నీళ్లు మోసే పని అప్పగించారు. బరువు మోస్తూ అరవడం కష్టం కాబట్టి వాళ్లు అరవడం మానేశారు. వేసవి సెలవులు అయి బడి తెరిచాక ఆడపిల్లలు మధ్యాహ్నం కూడా ఉండసాగారు. నేను మంచినీళ్లు తాగసాగాను.

సరిగ్గా అప్పుడు, ఒక పొద్దున, సైకిలు మీద బంట్రోతు వచ్చి, మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు కక్కసు ఓపెనింగుకు వస్తున్నారని చెప్పి నీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. "ఇప్పుడేం జేద్దామమ్మా? తెరిచేసినామని ఏ నోటితో చెప్పేది?"

"చెప్పొద్దు. రిబ్బను కట్టండి," అంది అక్క.

"అబద్ధం గదా టీచరమ్మా?"

"అబద్ధం ఎట్టవుద్ది? ఆయన ఇంకా తెరవలా గదా. ఆయన లెక్కలో ఆయన తెరుస్తాడు."

ఆయన చాలాసేపు ఆలోచించి రిబ్బను కట్టించారు. ఈ పూట కక్కసు వైపు ఎవరూ పోకూడదని పిల్లలందరికీ గట్టిగా చెప్పారు. తాళం వేద్దామంటే, ఇన్నాళ్లూ పని లేక ఉప్పుగాలికి తుప్పు పట్టి అది పడలేదు.

ప్రెసిడెంటు గారు భారీ మనిషి, మంచి రైతు, భుజాన తువ్వాలు. జీపు దిగి, దండ వేయించుకొని, ఆరోగ్యం గురించి, పరిశుభ్రత గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత అందరం కక్కసు దగ్గరకు వెళ్లాం. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. పాట. ఆయన తలుపు తోశారు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా తోశారు.

"ఉండాను!" అని లోపల్నుంచి సన్నటి గొంతు.

ప్రెసిడెంటు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకున్నారు.

"ఎవరది?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నేనే!"

"ఏం చేస్తుండావమ్మా?"

"నీళ్లు పోస్తుండా. పొయ్యకపోతే పెద్దయ్యోరు అరుస్తారు."

కాసేపటికి గడియ తీసి రెండో తరగతి పిల్ల చెంబుతో బయటికొచ్చింది. పొద్దున హెచ్చరిక చేసినప్పుడు అది బడికి ఇంకా రాలేదు. రిబ్బను దాని తలకంటే ఎత్తున ఉంటుంది కాబట్టి అడ్డం ఉన్నట్టు కూడా దానికి తెలియదు. అంతమందిని చూసి బెదిరి, చెంబు కింద పెట్టి, నేర్పించినట్టే చేతులు జోడించి "స్వాగతమండీ" అంది.

ప్రెసిడెంటు గారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా మేమెవరం కదల్లేదు.

"ఏమయ్యా, నాకంటే ముందే అయిపోయినట్టుండాదే ఓపెనింగు?"

హెడ్మాస్టరు గారు జరిగిందంతా చెప్పేశారు. మజ్జిగ గ్లాసుల సంగతి ఆయనకు తెలియదు కాబట్టి అది తప్ప. తప్పు తనదే అన్నారు.

"తప్పేముంది? నేను వచ్చిందాకా ఆగి ఉంటే ఈ బిడ్డలు ఏమైపోను? మాకు ఇట్టాంటివి చెప్పరు ఎవరూ," అన్నారు ప్రెసిడెంటు గారు. "ఇంకేమన్నా గావాల్నా మీకు?"

నేనూ అక్కా ముఖాలు చూసుకున్నాం. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మగపిల్లకాయలకు గూడా ఒకటి కావాల సార్. దానికి మాత్రం ఓపెనింగు వద్దు సార్," అన్నారు.

అది మరుసటి ఏడు కట్టారు. సున్నం ఆరకముందే మగపిల్లలు వాడేశారు. గోడల మీద చెయ్యి గుర్తులు పడ్డాయని హెడ్మాస్టరు గారు వారం రోజులు గొణిగారు.

ఆ మధ్యలో ఒక రోజు ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. కూతుళ్లు మధ్యాహ్నం ఇంటికి రాకుండా బడిలోనే ఉండిపోతున్నారే, అక్కడ ఏముందో చూద్దామని. ఒక ముసలమ్మ లోపలికి తొంగి చూసి, "ఇంత చల్లగా ఉండాదే! నేనైతే ఈడనే చాప వేసుకొని పడుకుంటా," అంది. తక్కినవాళ్లు నవ్వారు గానీ, ఇంటికి పోయాక నవ్వలేదనుకుంటాను. ఆ రోజు కేకలు వేసి, తర్వాత నీళ్లు మోసిన పడవ మనిషి, భార్య పోరు పడలేక, ఇంటి వెనక గుంట తవ్వి తాటాకు దడి కట్టాడు. ఆ ఊళ్లో ఇంటి కక్కసు అదే మొదటిది. ఆ సందర్భానికి మా ముగ్గురినీ భోజనానికి పిలిచాడు.

హెడ్మాస్టరు గారు విస్తరి ముందు కూర్చోకుండా నేరుగా పెరట్లోకి వెళ్లారు. అంతా చూసి వచ్చి, "ఇది బావికి మరీ దగ్గరగా ఉండాది. ఇంకో గుంట అవతల తవ్వాల," అన్నారు.

"తవ్వుతాలే అయ్యోరూ. ముందు అన్నం తినండి."

"నీళ్లలోకి దిగితే పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి. నువ్వు రేపే తవ్వాల."

"రేపే తవ్వుతా. కూర చల్లారిపోతుండాది."

"రేపంటే రేపు. నేనొచ్చి చూస్తా."

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. అక్కా నేనూ చేతులు కడుక్కుని కూర్చున్నాం. ఆ రోజు చేపల పులుసు చాలా బాగా కుదిరింది. మేమిద్దరం రెండోసారి కూడా వేయించుకున్నాం.